చైనా స్నేహితులు ‘సిజి’కి ఎలా చదవాలని అడిగితే: ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

చైనాలో ఎంబీబీఎస్ చదివే మనవాళ్లకూ అక్కడి పిల్లలకూ మధ్య ఒక ఇచ్చిపుచ్చుకునే బేరం నడుస్తుంటుంది. మనం హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ పరీక్షలో నాలుగో స్థాయి గట్టెక్కాలి. వాళ్లు ‘సిజి’ అనే కాలేజీ ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలి. అందుకని ఇద్దరూ క్యాంటీన్‌లో ఒక మూల బల్ల పట్టుకుని ఒక గంట వాళ్ల భాష, ఒక గంట ఇంగ్లిష్ చదువుకుంటారు. ఇలాంటి జతని అక్కడ ‘యూబాన్’ అంటారు. భాషకి తోడు అన్నమాట. నాకు తోడు దొరికిన అమ్మాయి అకౌంటింగ్ చదివేది. మొదటి రోజు బల్ల మీద దిండంత పదాల పుస్తకం పెట్టి, ఫోన్‌లో మూడు యాప్‌లు చూపించి, “వీటిలో ఏది చదవాలి?” అని అడిగింది.

నాకు అప్పుడు జవాబు తెలియదు. రెండు పరీక్షలు దగ్గరుండి చూశాక తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. అక్కడ చదువుతున్న మనవాళ్లకు, చైనా పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు పనికొస్తుంది.

ముందు ఏ పరీక్ష?

కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్‌ని అక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవరు. నాలుగో స్థాయిని ‘సిజి’ అని, ఆరో స్థాయిని ‘ల్యూజి’ అని అంటారు. మధ్యలో ఐదు ఏమైందని నేనూ అడిగాను, అలాంటి పరీక్షే లేదని ఆ అమ్మాయి నవ్వింది. నాలుగోది 1987లో, ఆరోది 1989లో మొదలయ్యాయి. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. ఒకే రోజు పొద్దున సిజి, మధ్యాహ్నం ల్యూజి. మొత్తం 710 మార్కులు. 2005 సంస్కరణ తర్వాత పాస్, ఫెయిల్ అని రాయడం మానేసి మార్కుల రిపోర్టు ఇస్తున్నారు. కానీ ల్యూజి రాయాలంటే సిజిలో 425 రావాలి, కాబట్టి జనం నోట్లో 425 అంటేనే పాస్.

ఒకప్పుడు చాలా యూనివర్సిటీల్లో సిజి దాటకపోతే డిగ్రీ పట్టా చేతికొచ్చేది కాదు. ఆ ముడి మెల్లగా వదులవుతోంది. 2023 సెప్టెంబర్‌లో షియాన్ జియావోతోంగ్ యూనివర్సిటీ డిగ్రీకి ఈ పరీక్షతో సంబంధం లేదని ప్రకటిస్తే దేశమంతా చర్చ జరిగింది. అందుకే మీ స్నేహితుల్ని మొదట అడగాల్సింది “మీ కాలేజీ రూలేంటి?” అని. పట్టాకి అవసరం లేకపోయినా ఉద్యోగ ప్రకటనల్లో సిజి, ల్యూజి మార్కులు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. పైగా ఈ పరీక్ష కాలేజీలో పేరు ఉన్నవాళ్లకే. చదువు అయిపోయాక రాస్తానంటే కుదరదు.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు సిజి ఎగ్గొట్టి నేరుగా ఐఈఎల్‌టీఎస్‌కి దిగొచ్చా అంటే, నేను వద్దంటాను. ఐఈఎల్‌టీఎస్ ఫీజు అక్కడ రెండు వేల యువాన్లు దాటుతుంది, సిజి ఫీజు కొన్ని పదుల యువాన్లే. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లకు చెల్లిపోతుంది, సిజి రిపోర్టుకు అలాంటి గడువు లేదు. ముందు సిజి రాస్తే తమ చెవి ఎక్కడుందో చవగ్గా తెలిసిపోతుంది. అయితే రెండింటికీ ఒకటే చదువు అనుకోకూడదు. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక మనిషి మనతో నేరుగా మాట్లాడిస్తాడు. సిజిలో మాట్లాడే పరీక్ష విడిగా కంప్యూటర్ మీద ఉంటుంది, అదీ ఇష్టమైతేనే.

పీజీ ప్రవేశ పరీక్ష ‘ఖావ్‌యాన్’ ఇంగ్లిష్ సంగతి మరోలా ఉంటుంది. మూడు గంటలు, 100 మార్కులు, వినే భాగం అసలు లేదు. పొడవాటి వాక్యాలతో కుస్తీ. ఆఖరి ఏడాది డిసెంబర్‌లో ఖావ్‌యానూ ల్యూజీ రెండూ మీదపడతాయి. అప్పుడు ల్యూజిలో చదివే భాగం దానంతటదే బాగుపడుతుంది, చెవి మాత్రం తుప్పు పడుతుంది. అందుకని ల్యూజిని మూడో ఏడాది లోపే ముగించమని చెప్పండి.

ఇంగ్లిష్‌నే ప్రధాన సబ్జెక్టుగా చదివే పిల్లలకు వేరే పరీక్షలున్నాయి. వాళ్ల గొడవ మనకొద్దు.

మార్కులు ఎక్కడున్నాయో ముందు లెక్కేయండి

ఆ అమ్మాయి దగ్గర దిండంత పుస్తకం ఉందని చెప్పాను కదా. పేపర్‌లో ఏ భాగానికి ఎన్ని మార్కులో మాత్రం తనకి సరిగ్గా తెలియదు. సిజి 125 నిమిషాలు. వ్యాసం 15 శాతం, వినడం 35, చదవడం 35, చైనీస్ నుంచి ఇంగ్లిష్‌కి అనువాదం 15. అంటే వినడానికి 248.5, చదవడానికి 248.5, మిగతా రెండిటికీ చెరో 106.5. అసలు మార్కుల్ని వాళ్లు తమ స్కేలు మీదకి మార్చి ఇస్తారు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. దారి చూపించడానికి చాలు.

చదివే భాగంలో అసలు చిక్కు ఉంది. మొదట 15 పదాలిచ్చి పది ఖాళీలు పూరించమంటారు. ఒక్కో ఖాళీకి 3.55. తర్వాత పొడవాటి పాఠంలో ఏ వాక్యం ఏ పేరాలో ఉందో వెతకాలి, ఒక్కోటి 7.1. చివర రెండు చిన్న పాఠాలు, పది ప్రశ్నలు, ఒక్కోటి 14.2. అంటే చివరి పాఠంలో ఒక ప్రశ్న మొదటి భాగంలో నాలుగు ఖాళీలతో సమానం. నా తోడు అమ్మాయి పేపర్‌లో వరస తప్పకూడదన్నట్టు ఖాళీలతో మొదలుపెట్టి పావుగంట అక్కడే పోగొట్టేది. చివరి పాఠం దగ్గరికి వచ్చేసరికి గడియారం చూసి కళ్లు మూసుకుని గుర్తులు పెట్టేది. వరస తిప్పించాను: చివరి పాఠాలు ముందు, తర్వాత వెతుకులాట, తర్వాత అనువాదం, మిగిలిన టైమ్‌లో ఖాళీలు. చదవడానికీ అనువాదానికీ కలిపి 70 నిమిషాలు చేతిలో ఉంటాయి కాబట్టి ఇలా తిప్పుకోవచ్చు. ఒక్క కొత్త పదం కూడా నేర్చుకోకుండా పెరిగిన మార్కులవి.

పదాల యాప్ మంచిదా, పాత పేపర్లు మంచివా?

అక్కడి కాలేజీ పిల్లల్లో ఒక పాత జోకుంది. పదాల పుస్తకం ‘A’ అక్షరంతో మొదలవుతుంది, మొదటి పేజీలో ‘అబాండన్’ ఉంటుంది, అంటే వదిలేయడం. పుస్తకం చెప్పినట్టే అక్కడే వదిలేస్తారు. ప్రతి సెమిస్టర్ కొత్తగా మొదలుపెడతారు కాబట్టి ఆ ఒక్క పదం మాత్రం దేశంలో అందరికీ వచ్చు.

పదాల మీద వాళ్లకున్న భయాన్ని మనం తక్కువగా చూడకూడదు. మన ఊళ్లో బడి మొహం చూడని పెద్దమ్మ కూడా బస్సు, టికెట్టు, కరెంటు, ఆపరేషను, టెన్షను అంటుంది. మనం ఇంగ్లిష్ మొదలుపెట్టేసరికే వందల పదాలు ఊరికే వచ్చేసి ఉంటాయి. చైనీస్ అలా కాదు, బయటి వస్తువుకి సొంత పేరు పెట్టుకుంటుంది. కంప్యూటర్ అంటే ‘కరెంటు మెదడు’, ఫోన్ అంటే ‘కరెంటు మాట’, రైలు అంటే ‘నిప్పు బండి’. సోఫా, కాఫీ, చాక్లెట్ లాంటివి కొన్ని తప్ప ధ్వనితో సహా వెళ్లిన ఇంగ్లిష్ మాటలు తక్కువ. సిజికి నాలుగున్నర వేల పదాలు కావాలంటారు, దాదాపు అన్నీ మొదటి నుంచి మొయ్యాల్సిందే.

అందుకే యాప్ వద్దని నేననను. మూడు మాత్రం వద్దు, ఒకటి చాలు. బైత్సిజాన్ అనే యాప్ బొమ్మలు చూపించి పదం పట్టిస్తుంది. చెట్టు, వంతెన లాంటి కంటికి కనిపించే మాటలకు హాయిగా ఉంటుంది. ‘అయినప్పటికీ’, ‘ఊహించుకోవడం’ లాంటి వాటికి బొమ్మ గీయమంటే ఎవరు గీస్తారు? పేపర్‌లో కాటేసేవి ఆ మాటలే. మోమో అనే ఇంకో యాప్ మీరు ఎప్పుడు మర్చిపోతారో లెక్కేసి సరిగ్గా అప్పుడు మళ్లీ అడుగుతుంది. బొమ్మల కులుకు ఉండదు, పని జరుగుతుంది. పునాది మరీ బలహీనంగా ఉన్నవాళ్లకు మొదటిది, హైస్కూల్ ఇంగ్లిష్ ఓ మోస్తరుగా వచ్చినవాళ్లకు రెండోది.

ఏదైనా రోజుకి అరగంట, అంతకు మించి వద్దు. మిగతా టైమ్ అంతా ‘జెన్‌టీ’, అంటే నిజంగా జరిగిన పరీక్షల పాత పేపర్లు. పబ్లిషర్లు సొంతంగా తయారుచేసి అమ్మే మోడల్ పేపర్లు పాత పేపర్లన్నీ అయిపోయాకే, నా మటుకు అప్పుడూ అక్కర్లేదు. పాత పేపర్ ఒకటి చేసి మార్కులు చూసుకుని పక్కన పడేస్తే లాభం లేదు. మన దగ్గర ఎంసెట్ బిట్లు కొట్టినట్టు వాళ్లూ పేపర్ మీద పేపర్ కొట్టేస్తారు, దానికి ‘షువాటీ’ అని పేరు కూడా ఉంది. పది పేపర్లు కొట్టడం కన్నా నాలుగు పేపర్లు విప్పి చూడటం మేలు. తప్పు చేసిన ప్రతి ప్రశ్న దగ్గర పదం తెలియకా, వాక్యం విడదీయలేకా, టైమ్ చాలకా అన్నది మార్జిన్‌లో రాయించండి. రెండు పేపర్లకే ఏ చిల్లు పెద్దదో కనిపిస్తుంది. ఆ పేపర్లలో తగిలిన కొత్త పదాల్ని యాప్‌లోకి ఎక్కించుకుంటే యాప్‌కీ పేపర్‌కీ పెళ్లి చేసినట్టు.

వినడం: సగం యుద్ధం ఇక్కడే

వాళ్లు తమ ఇంగ్లిష్‌ని ‘మూగ ఇంగ్లిష్’ అని తామే ఎగతాళి చేసుకుంటారు. మూగతనం కన్నా చెవుడు ఎక్కువ అని నాకనిపించింది. మాండరిన్‌లో మాట అచ్చుతోనో ‘న్’తోనో ముక్కులో పలికే ‘ంగ్’తోనో ముగుస్తుంది, మహా అయితే ఉత్తరాన ‘ర్’. కాబట్టి ఇంగ్లిష్ మాట చివర ట్, డ్, క్, స్ వాళ్ల చెవిలో పడకుండా జారిపోతాయి. మనకీ తెలుగులో హల్లుతో ఆగడం ఇష్టం ఉండదు, మనం ఉకారం తగిలించి బస్సు, రోడ్డు, కార్డు చేసుకున్నాం. వాళ్లకి ఆ చివరి హల్లు మాయమవుతుంది. దానితోపాటే భూతకాలం, బహువచనం కూడా.

ఇంతకీ నా పొరపాటు చెప్పాలి. మొదటి వారం నేనే గట్టిగా చదువుతూ తనతో డిక్టేషన్ రాయించాను. నేను ‘పెన్’ అంటే ‘బెన్’ అని రాసింది, ‘పార్క్’ అంటే ‘బార్క్’. నా ఇంగ్లిష్ మీద నాకున్న గర్వం ఆ రోజు దిగిపోయింది. తర్వాత అర్థమైంది. చైనీస్‌లో ప, బ తేడా లేదు, ప, ఫ తేడా ఉంది, అంటే ఒత్తు లేని ప, గాలి ఒత్తి పలికే ప. వాళ్లు రోమన్ లిపిలో బీ అని రాసేది మన ‘ప’కి దగ్గర. ఇంగ్లిష్‌వాళ్లు పెన్‌లో గాలి వదులుతారు, మనం వదలం. కాబట్టి మన పెన్ వాళ్లకి బెన్. పరీక్ష రికార్డింగులో మన యాస ఉండదు. భాషాతోడుగా మన గొంతు సాయం చేసేది తక్కువ, గందరగోళం చేసేది ఎక్కువ.

మరి ఏది వినాలి? సీరియళ్లు చూసి నేర్చుకుంటామంటారు. కింద చైనీస్ సబ్‌టైటిల్స్ ఉంటే కళ్లు చదువుతాయి, చెవులు నిద్రపోతాయి. సరదాకి చూడండి, చదువు ఖాతాలో రాసుకోకండి. నేను నమ్మింది ‘జింగ్‌థింగ్’, అంటే పట్టి పట్టి వినడం. పాత పేపర్ రికార్డింగులో ఒక్క వార్త తీసుకుని వాక్యం తర్వాత వాక్యం ఆపుతూ, విన్నది రాసి, స్క్రిప్టుతో పోల్చుకోవడం. రోజుకి ఇరవై నిమిషాలు. మొదటి పది రోజులు చిరాకుతో చచ్చిపోతారు. నా తోడు అమ్మాయి రెండు సార్లు హెడ్‌ఫోన్స్ బల్ల మీద విసిరేసింది. మనం చేయగలిగిన సాయం ఇక్కడుంది. తను రాసినదానిలో రాలిపోయిన ఎస్‌లు, ఈడీలు ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టడం. నెల తిరిగేసరికి ఎక్కువ చుట్టాల్సిన పని ఉండలేదు.

సిజిలో మూడు చిన్న వార్తలు, రెండు సంభాషణలు, మూడు పాఠాలు వినిపిస్తారు. మొత్తం 25 ప్రశ్నలు. ఐఈఎల్‌టీఎస్‌లో ప్రశ్న కళ్ల ముందే ఉంటుంది. ఇక్కడ కాగితం మీద ఉండేవి నాలుగు జవాబులు మాత్రమే. ప్రశ్న కూడా చెవినే పట్టుకోవాలి, అదీ ఒక్కసారే చదువుతారు. అందుకని ప్రశ్నలు మొదలయ్యేలోపు దొరికే కాస్త టైమ్‌లో జవాబుల మీద కళ్లు పరిగెత్తించి, దేని గురించి అడగబోతున్నారో ఊహించుకోవడం నేర్పాలి. ఆరో స్థాయిలో వార్తలు ఉండవు, వాటికి బదులు మూడు ఉపన్యాసాల్లాంటివి ఉంటాయి. సిజి బాగా రాసినవాళ్లు కూడా ల్యూజిలో జారేది అక్కడే.

అంకెల దగ్గర జాలిపడండి. మనకి లక్ష, కోటి ఎలాగో వాళ్లకి పది వేలు ఒక మెట్టు, పది కోట్లు ఇంకో మెట్టు. ఇంగ్లిష్ మిలియన్ విన్నప్పుడల్లా మనలాగే వాళ్లూ లోపల సున్నాలు లెక్కపెట్టుకుంటారు.

అనువాదం: మనం నిజంగా పనికొచ్చే చోటు

2013 డిసెంబర్ నుంచి పేపర్‌లో ఒక పేరా అనువాదం ఉంటుంది, సిజిలో 140 నుంచి 160 చైనీస్ అక్షరాలు. ఎక్కువగా చైనా సంస్కృతి, చరిత్ర, సమాజం. 2017 జూన్‌లో నదులొచ్చాయి: పసుపు నది, యాంగ్జీ, పెర్ల్ నది. 2019 జూన్‌లో లాంతర్లు, సింహ నృత్యం, కాగితం కత్తిరింపులు. ఒకే పరీక్షలో వేర్వేరు పేపర్లు పంచుతారు కాబట్టి మూడు నదుల్లో ఎవరికి ఏది వస్తుందో వాళ్ల అదృష్టం.

దీనికి రెండు దారుల్లో చదువుతారు. పండగలు, వంటలు, ఆటల పేర్లన్నీ ఇంగ్లిష్‌లో జాబితాగా బట్టీ పట్టడం ఒకటి. వాక్యాన్ని తిరగేయడం నేర్చుకోవడం రెండోది. అందరూ మొదటిదే పడతారు, ఎందుకంటే జాబితా చేతిలో ఉంటే చదువుతున్నట్టు ఉంటుంది. నేను రెండోదానికే ఓటేస్తాను. సింహ నృత్యం పేరు తెలియకపోతే ‘సింహంలా వేషం వేసి ఆడే ఆట’ అని చిన్న మాటల్లో రాసి బయటపడొచ్చు. వాక్యం విరిగితే అతికించే మందు లేదు.

విరిగేది ఎక్కడంటే, “వెయ్యేళ్ల కింద కట్టిన, ఇవాళ్టికీ జనం నడిచే వంతెన” అని తెలుగులో అంటాం. విశేషణమంతా ముందు, వంతెన చివర. చైనీస్‌లోనూ అచ్చంగా ఇదే వరస. ఇంగ్లిష్‌లో వంతెన ముందొచ్చి, దాని వెనక ‘విచ్’ తోక కట్టుకుని మిగతాదంతా వస్తుంది. ఈ తిరగేత బడిలో మనం పడ్డ కష్టమే. అందుకే ఈ ఒక్క విషయంలో అమెరికా నుంచి వచ్చిన ఇంగ్లిష్ టీచరు కన్నా మనం బాగా చెప్పగలం. చైనీస్ పేరాలో పొడవాటి వాక్యం చూపించి, ముందు అసలు నామవాచకం కింద గీత గీయించండి. దాన్ని ముందుకు లాగి, మిగతాది తోకగా కట్టమనండి. తోక మరీ బారెడైతే రెండు వాక్యాలుగా నరకమనండి. రెండు చిన్న సరైన వాక్యాలు ఒక పెద్ద తప్పుడు వాక్యం కన్నా ఎప్పుడూ నయం.

రాయడం అయ్యాక రెండుసార్లు వెనక్కి చూడాలి, ఒకసారి క్రియల కోసమే. చైనీస్ క్రియ నిన్నటికీ రేపటికీ మారదు, కాబట్టి కాలం తప్పుతుంది. రెండోసారి జంట మాటల కోసం. వాళ్ల భాషలో ‘ఎందుకంటే’ వస్తే ‘కాబట్టి’ రావాలి, ‘అయినా’ వస్తే ‘కానీ’ రావాలి. ఇంగ్లిష్‌లో ‘బికాజ్’ ఉన్న వాక్యంలో ‘సో’ కూడా పెట్టేస్తారు. ఒకటి కొట్టేయించండి.

వ్యాసం, కోచింగ్: త్వరగా

వ్యాసానికి రెడీమేడ్ అచ్చులు, అంటే నమూనాలు, దొరుకుతాయి. ‘సమాజం అభివృద్ధి చెందుతున్న కొద్దీ’ అని మొదలై ‘ప్రతి నాణేనికీ రెండు వైపులు’ అని తిరిగే రకం. 425 చాలనుకునేవాళ్లు ఒక అచ్చు కంఠతా పట్టుకుంటే తప్పు లేదు. అంతకు మించి కావాలంటే అచ్చులోంచి కలిపే మాటలు మాత్రం ఉంచుకుని, ఉదాహరణ సొంతది రాయాలి. దిద్దేవాళ్లు అదే నాణెం రోజుకి ఎన్నిసార్లు చూసి ఉంటారో ఆలోచించండి.

కోచింగ్‌కి వస్తే, 1993లో బీజింగ్‌లో న్యూ ఓరియంటల్ పెట్టిన యూ మిన్‌హోంగ్ కథ అక్కడ అందరికీ తెలుసు. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి పెకింగ్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ చదవడానికి చేరాడు. ఆ సంస్థలాంటివి ఇప్పుడు ఆన్‌లైన్‌లో కుప్పలు. నా సలహా ఏంటంటే, రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయకముందు ఒక్క యువాన్ కూడా కట్టొద్దు. మూడు వందల దగ్గర తేలితే, ఒంటరిగా కూర్చోవడం అలవాటు లేకపోతే, కోర్సు కట్టండి. అది చెప్పే చదువు కన్నా పెట్టే టైమ్‌టేబుల్ కోసం. నాలుగు వందల దగ్గర తేలితే డబ్బు దండగ, పట్టి పట్టి వినడం ఒక్కటే మిగిలిన పాతిక తెస్తుంది. ఏమీ చదవకుండా వెళ్లి రాయడాన్ని వాళ్లు ‘లువోఖావ్’ అంటారు, బట్టల్లేకుండా పరీక్షకి వెళ్లడం అని. హైస్కూల్ నుంచి వచ్చిన వేడి మీద మొదటి ఏడాదిలో అలా వెళ్లి గట్టెక్కినవాళ్లు ఉన్నారు. మూడో ఏడాదిలో ఆ పని చేయొద్దు, వేడి అప్పటికి చల్లారిపోయి ఉంటుంది.

పరీక్ష రోజు గురించి రెండు మాటలు. వినడం అవ్వగానే మొదటి జవాబు కార్డు లాగేసుకుంటారు, తర్వాత గుండ్రాలు నింపుతానంటే వినరు. కాబట్టి వింటున్నప్పుడే నింపడం ఇంట్లో అలవాటు చేయాలి. చాలా క్యాంపస్‌లలో రికార్డింగ్ ఎఫ్‌ఎం రేడియో హెడ్‌ఫోన్‌లో వస్తుంది. ముందు రోజు సాయంత్రం కొత్త బ్యాటరీలు వేసి, స్టేషన్ తగులుతుందో లేదో చూసుకోవాలి. నా తోడు అమ్మాయి నాలుగు బ్యాటరీలు కొని రెండు నాకిచ్చింది, నా హెచ్‌ఎస్‌కేకి రేడియో అక్కర్లేదని చెప్పినా వినకుండా.